పాటకు తగ్గట్టు ఆడే క్రిస్మస్ దీపాలు: మన బాల్కనీకి మనమే కట్టుకుందాం

షోలాపూర్ తూర్పు పేటల్లో సాంచాల (మరమగ్గాల) మధ్య పెరిగినవాళ్లకు ప్రోగ్రామింగ్ తెలియదంటే నేను ఒప్పుకోను. జాకార్డు కార్డులో బెజ్జం ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట కిందే ఉండిపోతుంది. కార్డు వెనక కార్డు తిరుగుతుంటే చద్దరు మీద నెమలి పురి విప్పుతుంది. 1804లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మేరీ జాకార్డ్ చూపించిన ఆ పద్ధతినే ఆ తర్వాత చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి తీసుకున్నాడు. మనం చేయబోయేదీ అదే. పోగు బదులు బల్బు, బెజ్జం బదులు కంప్యూటర్ తెర మీద ఒక గడి.

కొత్తవాళ్లను క్రిస్మస్‌కే మొదలుపెట్టమంటాను. డిసెంబరులో వాన భయం ఉండదు. కట్టిన దీపాలు సంక్రాంతికి జరిగే సిద్ధేశ్వర్ గడ్డా జాతర దాకా ఉంచుకోవచ్చు.

కావలసినవి

• 5 వోల్టుల పిక్సెల్ బల్బులు (డబ్ల్యూఎస్2811 రకం), 50 బల్బుల సరాలు 2. దీపావళికి కొనే మామూలు సీరియల్ లైట్లు పనికిరావు. వాటిలో ఒక్కో బల్బుకు విడిగా రంగు చెప్పలేం.
• 5 వోల్టులు, 10 ఆంపియర్ల పవర్ సప్లై. పూర్తి తెలుపులో ఒక్కో బల్బు దాదాపు 60 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. అంటే 100 బల్బులకు 6 ఆంపియర్లు. సప్లై ఎప్పుడూ లెక్క కంటే పెద్దదే ఉండాలి.
• ఈఎస్‌పీ32 బోర్డు, డేటా పంపగల యూఎస్‌బీ కేబుల్. చార్జింగుకు మాత్రమే పనికొచ్చే కేబుల్ పెట్టి, బోర్డు పాడైందనుకునేవాళ్లు చాలామంది.
• 74ఏహెచ్‌సీటీ125 చిప్. బోర్డు 3.3 వోల్టుల సంకేతం ఇస్తుంది, బల్బులు 5 వోల్టులది అడుగుతాయి. మధ్యవర్తి ఈ చిప్పే.
• సరానికొక 5 ఆంపియర్ల ఫ్యూజు, వైర్లు, మూత ఉన్న డబ్బా, ల్యాప్‌టాప్, వైఫై, చిన్న స్పీకరు.

సాఫ్ట్‌వేర్లు రెండు: బోర్డుకు డబ్ల్యూఎల్ఈడీ, ల్యాప్‌టాప్‌కు ఎక్స్‌లైట్స్. రెండూ ఉచితమే.

చేసే విధానం

1. ముందు బోర్డు. దాన్ని ల్యాప్‌టాప్‌కు తగిలించి, క్రోమ్ బ్రౌజర్‌లోంచే డబ్ల్యూఎల్ఈడీ ఎక్కిద్దాం. తర్వాత దాన్ని ఇంటి వైఫైకి కలిపి, బల్బుల సంఖ్య 100 అని, సంకేతం వెళ్లే పిన్ను నంబరు ఫలానా అని నమోదు చేద్దాం. ఈ బోర్డు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటుంది.

2. యూఎస్‌బీ తీసేసి, కరెంటు ఆపి, వైర్లు కలుపుదాం. సప్లై నుంచి బోర్డుకూ చిప్పుకూ బల్బులకూ 5 వోల్టులు. గ్రౌండ్ వైరు అన్నిటికీ ఒక్కటే. ఇది మరిచిపోతే బల్బులు పిచ్చిపట్టినట్టు మిణుకుతాయి. సరం మీద బాణం గుర్తు వెతకండి, సంకేతం ఆ దిశలోనే నడుస్తుంది. ఇంటి కరెంటు నుంచి సప్లైకి వచ్చే వైరు మాత్రం ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించండి.

3. గోడకు కట్టకముందే నేల మీద పరిచి వెలిగిద్దాం. ఎరుపు అడిగితే ఆకుపచ్చ వచ్చిందా? కంగారొద్దు. సెట్టింగుల్లో రంగుల వరుస మారిస్తే సరి.

4. ఇప్పుడు బాల్కనీ గ్రిల్లుకు 25 చొప్పున 4 వరుసలు కడదాం. మొదటి వరుస ఎడమ నుంచి కుడికి, రెండోది కుడి నుంచి ఎడమకు, నాడె పోయి వచ్చినట్టు. బల్బుకూ బల్బుకూ ఎడం సమానంగా ఉండాలి.

5. ఎక్స్‌లైట్స్‌లో బోర్డు చిరునామా ఇచ్చి, రంగుల సంకేతాలను వైఫై మీద బోర్డుకు పంపే డీడీపీ పద్ధతి ఎంచుకుందాం. 25 అడ్డం, 4 నిలువు గళ్లు గీసి, మొదటి బల్బు ఏ మూలన ఉందో చెబుదాం. వరుసలు తిరిగి వస్తున్నాయన్న సంగతీ చెప్పాలి. చెప్పకపోతే రెండో వరుసా, నాలుగో వరుసా బొమ్మను తిరగేసి చూపిస్తాయి.

6. ఇక పాట. మొదటిసారి ఒక్క నిమిషం ముక్క చాలు. ఢోలక్ దెబ్బ స్పష్టంగా వినిపించే తెలుగు క్రిస్మస్ పాటైతే మేలు. సెకనుకు 20 ఫ్రేములు పెట్టుకుందాం. ఒక్కో ఫ్రేము ఒక్కో కార్డు అనుకోండి, నిమిషానికి 1200 కార్డులు! అన్నీ చేత్తో కొట్టక్కర్లేదు. పాట మోగుతుండగా దెబ్బ పడినప్పుడల్లా కీబోర్డు మీద ‘టీ’ అక్షరం నొక్కితే అక్కడొక గీత పడుతుంది. ముందు మూడుసార్లు కళ్లు మూసుకుని వినండి, నాలుగోసారి నొక్కండి. వేలు కాస్త వెనకబడుతుంది కాబట్టి గీతల్ని తర్వాత సరిచేసుకోవాలి. ఈ పని చేయకుండా నేరుగా రంగులద్దితే దీపాలు తమ దారిన, పాట తన దారిన పోతాయి.

7. గీతకూ గీతకూ మధ్య రంగు నింపుదాం. దెబ్బకు ఒక వరుస, పల్లవికి నాలుగు వరుసలూ. గొంతు ఒంటరిగా వినిపించేచోట ఒకే ఒక్క బల్బు మెల్లగా నడిస్తే చాలు. మొదట్లో అందరం అన్ని బల్బులూ ఎప్పుడూ వెలిగించేస్తాం. చద్దరులో నేల రంగు లేకపోతే నెమలి కనిపించదు. చీకటే మన నేల రంగు.

8. చీకటి పడ్డాక వీధిలోకి దిగి చూద్దాం. తెర మీద అందంగా కనిపించింది దూరం నుంచి మసకబారవచ్చు. తిరిగొచ్చి మార్చుకుందాం.

తరచూ జరిగే తప్పులు

• చివరి బల్బుల్లో తెలుపు ఎర్రబారుతోందంటే అక్కడికి వోల్టేజీ చేరడం లేదు. రెండో సరం మొదట్లోనూ సప్లై నుంచి నేరుగా వైర్లు ఇవ్వండి.
• సాంచాలు నడిచే లైను మీంచి కరెంటు తీసుకోకండి. మోటారు మొదలైనప్పుడల్లా వోల్టేజీ పడి బోర్డు ఆగి మళ్లీ మొదలవుతుంది.
• సప్లైను సాంచాల షెడ్డులో అస్సలు పెట్టొద్దు. దూది నూగు పేరుకుంటే వేడికి నిప్పంటుకుంటుంది. గాలి ఆడేచోట పెట్టి, వారానికోసారి కరెంటు ఆపి తుడవండి.

శబ్దం గురించి కాస్త చెప్పాలి. 2004లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం మేసన్‌లో కార్సన్ విలియమ్స్ అనే ఇంజినీరు దాదాపు 16,000 దీపాలను ఇలాగే ఆడించాడు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా పాటను ఎఫ్‌ఎంలో కార్ల రేడియోలకు పంపాడు. మన దేశంలో లైసెన్సు లేకుండా ఎఫ్‌ఎం ప్రసారం కుదరదు. కాబట్టి గుమ్మం ముందు నిలబడ్డవాళ్లకు వినిపించేంత చిన్న స్పీకరు పెట్టుకుందాం. రాత్రి 10 తర్వాత ఎలాగూ లౌడ్‌స్పీకర్లకు చట్టం ఒప్పుకోదు. సాయంత్రమైనా సరే, రాత్రి పాళీకి వెళ్లేవాళ్లు పక్కింట్లో నిద్రపోతున్నారేమో ముందు అడిగి రండి.

మొదటి ఒక్క నిమిషం పాటకు నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. మీకూ అంతే పడుతుందనుకుని డిసెంబరు మొదటి వారంలోనే కూర్చోండి.