కెమెరా కంటే ముందు క్యాలెండర్

చర్ల వైపు నుంచి వచ్చిన డిగ్రీ కుర్రాడొకడు భద్రాచలం బస్టాండులో కలిశాడు. "యూట్యూబ్ ఛానల్ పెడదామనుకుంటున్నా సార్, టాపిక్కే దొరకట్లేదు" అన్నాడు. అతని చేతిసంచిలో ఎండిన ఇప్పపూవు ఉంది. అమ్మమ్మ చుట్టాలకు పంపిందట.

"ఇదెప్పుడు ఏరతారు?" అన్నాను. పూలు తెల్లవారుజామున రాలతాయని, ఎండెక్కకముందే ఏరాలని, చెట్టు కింద చెత్త ముందే ఊడ్చిపెట్టుకుంటారని పది నిమిషాలు చెప్పాడు. అందులో ఒక్క 'హాయ్ ఫ్రెండ్స్' లేదు. ఆ గొంతుతోనే మాట్లాడమన్నాను. కెమెరా ఆన్ కాగానే మనలో చాలామందిమి ఎవరిదో గొంతు అరువు తెచ్చుకుంటాం.

టాపిక్కుల కోసం ఫోన్‌లో వెతకొద్దు, గోడమీది క్యాలెండర్ చూడమన్నాను. హోలీ నాడు భద్రాచలం రామాలయంలో తలంబ్రాలు కలపడం మొదలవుతుంది. శ్రీరామనవమి కల్యాణాన్ని అందరూ తీస్తారు, దాని వెనకపని తీసేవాళ్లు తక్కువ. మార్చి, ఏప్రిల్ ఇప్పపూవుది. ఆ వెంటే తునికాకు: 50 ఆకులకో కట్ట, కల్లంలో ఆరబెట్టడం. వానాకాలం వస్తే గోదావరే కథ. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటింది. అంతకు మించి 75 అడుగులు దాటిన 1986 వరదను చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్లను చూపించమను.

ఆలస్యం చేస్తే పోయేవీ ఉన్నాయి. మణుగూరు మండలం కూనవరం వాసి సకిని రామచంద్రయ్య డోలు వాయిస్తూ కోయల వంశగాథలు, సమ్మక్క సారలమ్మల కథలు పాడేవారు. పుస్తకంలో చదివి పాడినవి కావు, పెద్దలనుంచి విని గుర్తుపెట్టుకున్నవి. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన వెళ్లిపోయారు. మీ ఊళ్లో పాడే తాత దగ్గరికి ఈ నెలలోనే వెళ్లు. (ఫోన్ కొత్తది కొన్నాక వెళ్తానంటే నేను నమ్మను.)

సొంత గొంతు అన్నాను కదా, దానికో ఉదాహరణ. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' అనే యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టారు. అందులో ఆ ఊరి అవ్వ గంగవ్వ ఇంట్లో మాట్లాడే మాటే మాట్లాడింది, ఆ మాటే జనాన్ని కట్టిపడేసింది.

ఇక లెక్కలు. షార్ట్స్ కాకుండా మామూలు వీడియోలతో ప్రకటనల డబ్బు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణం కావాలి. ఆ గీత దాటేదాకా ప్రకటనల పైసా రాదు, మధ్యలో ఆగిపోకుండా ముందే నాలుగు వీడియోలు తీసి దాచుకోమన్నాను. అడవిలో తీయి, సిగ్నల్ ఉన్నచోట అప్‌లోడ్ చెయ్యి. ఏరు పక్కన గాలి గొంతును మింగేస్తుంది, మైకుకు గుడ్డ చుట్టు.

అన్నిటికంటే కష్టం అడగడం. "తాతా, దీన్ని ఊరూవాడా చూస్తారు, సరేనా?" అని నోరు విప్పి అడగాలి. వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకోవాలి. కొలుపులు, పూజల్లో తీయొద్దన్నది అసలు తీయకూడదు. సిగ్గరి పిల్లలకు ఈ అడగడమే పెద్ద శిక్షణ. నాలుగిళ్లు తిరిగేసరికి గొంతులో వణుకు తగ్గుతుంది.

వారం తర్వాత ఫోన్ చేశాడు. "అమ్మమ్మ ఒప్పుకుంది సార్. కానీ ఆ చెట్టు ఎక్కడుందో మాత్రం చూపించొద్దంటోంది."