బిగిసిపోయిన ఇంజను కవరును విప్పుట

మోటారు సైకిలు నేడు గ్రామములలో విలాసవస్తువు కాదు. పాలకేంద్రమునకు పాలు చేర్చుటకును, సంతకు కూరగాయలు కొనిపోవుటకును, రాత్రివేళ రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకును అదియే ఆధారము. అది చెడినచో ఒక కుటుంబమునకు ఆ దినపు రాబడి ఆగిపోవును. ఇట్టి బండ్లను బాగుచేయు యువకులు ప్రతి పెద్ద గ్రామమునందును ఒకరిద్దరైనను ఉన్నారు. వారు చేయు పనులలో చూచుటకు మిక్కిలి చిన్నదై, చెడినచో మిక్కిలి నష్టము తెచ్చునది ఒకటి కలదు. అది ఇంజను ప్రక్కనుండు మూతను, వారి మాటలో సైడు కవరును, ఊడదీయుట.

ఘటకేసరునకు ఆవల ఒక గ్రామములో జరిగిన సంగతిని మేము ఎరుగుదుము. ఒక పాలవ్యాపారి క్లచ్ ప్లేట్లు మార్చుటకై తన బండిని ఊరిలోని యువకునికి అప్పగించెను. కనబడిన బోల్టులన్నియు తీసినను కవరు కదలలేదు. యువకుడు పేచ్‌కస్ మొనను సందులో దూర్చి సుత్తితో కొట్టెను. కవరు వచ్చినది; దానితోపాటు అంచున గోరంత ముక్కయు ఊడివచ్చినది. అతడు ఆ చోట పేస్టు పూసి, బిగించి, బండిని పంపివేసెను. ఇట్టి బండ్ల ఇంజనులో ఉండు నూనె సుమారు ఒక లీటరు మాత్రమే. అది బొట్టుబొట్టుగా కారిపోగా, పది దినముల పిదప భువనగిరి దారిలో పిస్టను పట్టుకొనిపోయి బండి నిలిచిపోయెను. పాలు ఎండలో విరిగిపోయినవి. ఖర్చు ఎవరు భరింపవలెనను తగవు పంచాయతీ కార్యాలయము వరకు వచ్చినది. చెరిసగము భరింపుడని తీర్పు చెప్పిన సభ్యులలో ఒక్కరికైనను తప్పు ఎచ్చట జరిగినదో తెలియదు. ఈ పాఠము వ్రాయుటకు అదియే కారణము.

ఈ పనిని దగ్గరనుండి చూచుటకై మేము ఉప్పల్, నాచారము ప్రాంతములకు పోయితిమి. వరంగల్లు దారిన హైదరాబాదునకు వచ్చువారికి ఉప్పలే వాకిలి. ఒకప్పుడు అదియు మన ఊళ్ల వంటి ఊరే. పిదప ఉప్పల్ కలాన్ పురపాలక సంఘమై, 2007 లో మహానగర పాలక సంస్థలో కలిసిపోయినది. 2017 నవంబరు నుండి మెట్రో రైలు దాని నెత్తిమీదుగా పోవుచున్నది. ఆ చౌరస్తా నుండి ఉత్తరముగా కొంత దూరము పోయినచో నాచారము పారిశ్రామికవాడ వచ్చును. మేము పోయిన షెడ్డు రేకుల కప్పుతో ఒక చిన్న సందులో ఉన్నది. తెలియనివారు దానిని దాటిపోవుదురు. అచ్చటి పెద్ద మేస్త్రీని కుర్రవాండ్రు ఉస్తాద్ అని పిలుతురు. మేము చూచుచుండగా ఒక కుర్రవాడు కదలని కవరుపై సుత్తి ఎత్తెను. ఉస్తాద్ చేయి అడ్డుపెట్టి, "కవరు ఊకెనే పట్టుకోదు బిడ్డా. లోపల ఏదో పట్టుకొని ఉంటది. ముందుగాల గది చూడు" అనెను. ఈ పాఠమంతయు ఆ మాటకు వ్యాఖ్యానమే.

కవరు రాకపోవుటకు మొట్టమొదటి కారణము చెప్పుటకు సిగ్గుపడవలసినంత సామాన్యమైనది. ఎక్కడనో ఒక బోల్టు మిగిలిపోయి ఉండును. బురదయు నూనెయు కలిసి గడ్డకట్టిన చోట బోల్టు తల కనబడదు. కావున పని మొదలుపెట్టుటకు ముందు కవరును కిరసనాయిలుతో కడిగి తుడువవలెను. నూనెను క్రింద పళ్లెము పెట్టి తీసివేయవలెను. పిదప ఒక అట్టముక్కపై కవరు ఆకారము గీసి, తీసిన ప్రతి బోల్టును దాని చోటనే ఆ అట్టకు గ్రుచ్చవలెను. ఖాళీగా మిగిలిన చోటే తీయని బోల్టును చూపును. ఈ అట్టతో మరియొక ప్రయోజనము కలదు. బోల్టులన్నియు ఒకే పొడవుగా ఉండవు. పొట్టిదాని చోట పొడుగుదానిని బిగించినచో అది రంధ్రము అడుగును తాకి ఇంజను ఒడలినే పగులగొట్టవచ్చును. పొడుగుదాని చోట పొట్టిదానిని పెట్టినచో రెండు మూడు మరలు మాత్రమే పట్టి, అవియు చెడిపోవును.

రెండవ కారణము కవరులోనుండి బయటకు వచ్చు ఇరుసులు. కిక్కు రాడ్డును తీయక కవరును లాగుట వ్యర్థము. కొన్ని బండ్లలో క్లచ్ తీగను కూడ వదులు చేయవలెను. మైసూరులో తయారై, ఆ కర్మాగారము 1996 లో మూతపడువరకు మన దారులలో ఎక్కువగా తిరిగిన జావా, యెజ్దీ బండ్లలో కిక్కు కొట్టుటకును గేరు మార్చుటకును ఒకే రాడ్డు ఉండెడిది. దానిని తీయనిదే మూత రాదు. 1955 నుండి మద్రాసులో తయారైన పాత బుల్లెట్టులో ఎడమ ప్రక్క గొలుసు పెట్టె మూతకు నడుమ ఒకే పెద్ద నట్టు. కొత్తవాడు అంచుల వెంట బోల్టులకై వెదకి వెదకి అలసిపోవును.

అసలు చిక్కు మూడవది. కవరు సరిగా తన చోటనే కూర్చుండుటకై రెండు మూలల చిన్న ఉక్కు గొట్టములు ఉండును. వీనిని డావెల్ పిన్నులందురు. కవరు అల్యూమినియము, పిన్ను ఉక్కు. రెండు వేరు లోహముల నడుమ నీరు చేరినచో అల్యూమినియము తినివేయబడి తెల్లని పొడిగా మారును. ఆ పొడి లోహము కంటె ఎక్కువ చోటు ఆక్రమించుటచే పిన్ను మేకు దిగినట్లు బిగిసిపోవును. వానకాలములో వాగులు దాటిన బండ్లలోను, ఏండ్ల తరబడి విప్పని బండ్లలోను ఇది తప్పక కనబడును. ఒక ప్రక్క కదలి, మరియొక మూల కదలనిచో ఆ మూలనే పిన్ను పట్టినదని గ్రహింపవలెను.

అట్టి చోట తుప్పు వదిలించు నూనెను సందులో వేసి ఒక రాత్రి ఊరకుండుట మేలు. మన కుర్రవాండ్రకు కష్టమైన పని ఈ ఊరకుండుటయే. మరునాడు మరుగు నీటిలో ముంచి పిండిన గుడ్డను ఆ మూలపై కప్పి కాపడము పెట్టవలెను. వేడికి అల్యూమినియము ఉక్కు కంటె సుమారు రెండింతలు వ్యాకోచించును. కావున రంధ్రము సడలి పిన్ను వదలును. పెట్రోలు ట్యాంకు ప్రక్కనే ఉండుటచే మంట ఎంతమాత్రమును చూపరాదు. పిదప కర్ర సుత్తితోగాని, రబ్బరు సుత్తితోగాని కవరు చుట్టును, మందముగా ఉన్న చోటులందే, మెల్లగా తట్టుచు రావలెను. ఒక ప్రక్క వెంట్రుకవాసి కదలగానే రెండవ ప్రక్కకు పోవలెను. ఒక్క ప్రక్కనే లాగినచో పిన్ను ఓరగా ఇరుక్కొని మరింత బిగియును. కొన్ని కవర్లకు తట్టుటకై తయారుచేసినవారే చిన్న చెవి విడుతురు. దానిని వెదకి వాడుకొనవలెను. సందులో పేచ్‌కస్ దూర్చుట మాత్రము ఎన్నడును కూడదు. నునుపుగా చెక్కిన ఆ అంచుపై ఒక్క గాటు పడినను నూనె అచ్చటనుండియే కారును.

పాత ప్యాకింగు జిగురువలె అంటుకొని ఉండుట ఇంకొక కారణము. ఇది తట్టిన కొలది వదలును. మాగ్నెట్ కవరు సంగతి వేరు. కొన్ని బండ్లలో తీగచుట్టలు కవరుకే అమర్చబడి ఉండుటచే లోపలి అయస్కాంతము కవరును వెనుకకు లాగుచుండును. అచ్చట నూనెయు వేడియు పనికిరావు. రెండు చేతులతో నిటారుగా బయటకు లాగవలెను. అది జారి తిరిగి అతుక్కొనునపుడు నడుమ వ్రేళ్లు ఉన్నచో నలిగిపోవును.

స్క్రూ తల అరిగిపోవుట గ్రామములలో నిత్యము చూచుచున్నదే. 1985 లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 వంటి బండ్ల కవరు స్క్రూలకు జపాను పద్ధతి ప్లస్ గుర్తు గాడి ఉండును. సామాన్యపు పేచ్‌కస్ మొన దానిలో పూర్తిగా కూర్చుండక జారి గాడిని తినివేయును. సుత్తిదెబ్బకు తానే తిరుగు ఇంపాక్ట్ డ్రైవరు ఒకటి ఉన్నచో ఈ బాధ చాలవరకు తీరును. తల విరిగినను భయపడ పనిలేదు. మిగిలినవి తీసి కవరును తప్పించిన పిదప, బయటకు నిలిచిన మొండెమును పట్టకారుతో పట్టి త్రిప్పవచ్చును.

కవరు వచ్చిన తరువాత పాత ప్యాకింగును చెక్కబద్దతో గోకవలెను. ఇనుప బ్లేడు అంచును గీరును. కొత్త ప్యాకింగు వేసి, పిన్నులు వాని చోటనున్నవో లేవో చూచి, బోల్టులను ఎదురెదురుగా మూడు విడతలలో బిగింపవలెను. ఆరు మిల్లీమీటర్ల బోల్టునకు సుమారు ఒక కిలోగ్రాము-మీటరు బిగువు చాలును. పెద్ద పానా పట్టి బలము చూపువాడు మరలను చెరుపును.

పంచాయతీ సభ్యులు ఇందులో చేయదగినది ఏమని అడుగవచ్చును. 2019 లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద తెలంగాణములోని గ్రామపంచాయతీలు ట్రాక్టర్లను సమకూర్చుకొనినవి. వాని ఇంజను మూతలకును ఇదే ధర్మము వర్తించును. పంచాయతీ బండిని విప్పువాని వద్ద కర్ర సుత్తియు నూనె పళ్లెమును ఉన్నవా అని ఒకసారి చూచుట సభ్యులకు తగని పని కాదు. ఇక తీసిన పాత నూనె సంగతి. 2016 నాటి నియమముల ప్రకారము అది ప్రమాదకర వ్యర్థము. దానిని అనుమతి పొందిన శుద్ధికర్తలకే చేర్చవలెను. కొందరు దానిని చెదలకని దూలములకు పూయుదురు, కొందరు మోరీలో పోయుదురు. మోరీ నీరు తుదకు చెరువునకే చేరును. చర్మమునకు అది నిత్యము తగులుట హానికరము. ఊరిలోని షెడ్లన్నిటికి కలిపి మూతగల ఒక పీపాను పంచాయతీయే ఏర్పాటు చేసి, నిండినపుడు పంపించు ఏర్పాటు చేయవచ్చును.

మేము చూచిన ఆ కవరు మరునాటి ఉదయము పది గంటలకు వదలినది. రాత్రి నూనె వేసి ఉంచిన మూలను ఆ కుర్రవాడు వేడి గుడ్డతో రెండుసార్లు కాచి, సుమారు ఇరువది చిన్న దెబ్బలు తట్టెను. పిన్ను చుట్టును తెల్లని పొడి ఉన్నది. అంచుపై గాటు లేదు. బిగించిన పిదప ఇంజనును అయిదు నిమిషములు నడిపి, పొడిగుడ్డతో అంచంతయు తుడిచి చూచి, నూనె మట్టమును మరల కొలిచి, అతడు బండిని యజమానికి అప్పగించెను.