తీపి ఆకు

పిల్లలూ! తీపి అనగానే మనకు చెరకు గుర్తుకు వస్తుంది. మన మారిషస్ చెరకు దీవి. డచ్చివారు 1639లో ఇక్కడికి చెరకును తెచ్చారు. 19వ శతాబ్దంలో మన తాతముత్తాతలు ఆంధ్ర తీరం నుంచి ఓడలెక్కి వచ్చినది ఈ చెరకు తోటలలో పని చేయడానికే. అయితే చెరకుతో సంబంధం లేని తీపి కూడా ఒకటి ఉన్నది. అది స్టీవియా అనే మొక్క ఆకులో ఉన్నది.

ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశం. చామంతి, పొద్దుతిరుగుడు దీనికి చుట్టాలు. పూలు తెల్లగా, చాలా చిన్నవిగా ఉంటాయి. ఆకును నమిలితే మొదట తీపి, తరువాత కొంచెం చేదు. చివరకు అతిమధురం వేరు నమిలినట్లు ఉంటుంది.

పరాగ్వేలో గ్వారానీలు అనే ప్రాచీన జాతివారు ఉన్నారు. వారు ఈ మొక్కను 'కాఆ హేఎ' అంటారు. తియ్యని మూలిక అని అర్థం. మాతే అనే చేదు పానీయంలో తీపి కోసం ఈ ఆకు వేసుకునేవారు. 1899లో మోయిసెస్ బెర్తోనీ అనే స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు ఈ మొక్కను వర్ణించి, రెబౌదీ అనే రసాయన శాస్త్రజ్ఞుని పేరు దీనికి చేర్చాడు. స్టీవియా అన్న మాటేమో స్పెయినుకు చెందిన ఎస్తేవె అనే వైద్యుని పేరు నుంచి వచ్చినది. తరతరాలుగా ఆకును వాడినవారి మాట మాత్రం ఆ శాస్త్రీయ నామంలో ఒక్కటీ లేదు!

మొక్క పూత పట్టబోయే ముందు ఆకులో తీపి ఎక్కువగా ఉంటుంది. అప్పుడు కోసి, కడిగి, పలుచగా పరచి ఆరబెడతారు. గుప్పిట్లో నలిపితే పొడి పొడి కావాలి. ఎండిన ఆకు పంచదార కంటే సుమారు 10 నుంచి 15 రెట్లు తీపి. ఒక చెంచా పంచదార 4 గ్రాములనుకోండి. దానికి బదులు అర గ్రాము కూడా అక్కరలేదు, చిటికెడు చాలు. ఎక్కువ వేస్తే చేదు పైకి వస్తుంది. పొడి నీటిలో కరగదు కనుక టీతో పాటు మరిగించి వడగట్టాలి. మరిగించినా తీపి పోదు.

మరి ఈ ఆకుతో అరిసెలు చేయవచ్చా? చేయలేము. అరిసెకు తీపి ఒక్కటే చాలదు, పాకం కావాలి. బెల్లం కరిగి, ముదిరి, పిండిని పట్టి ఉంచుతుంది. స్టీవియా ఎంత మరిగించినా పాకం రాదు. మామిడి జాము చెడిపోకుండా కాపాడేది కూడా అందులోని పంచదారే. ఆ పని ఈ ఆకు చేయలేదు. పాయసానికి తీపి ఇవ్వగలదు గాని, పాయసం ఆకుపచ్చగా మారితే అమ్మమ్మ ఊరుకుంటుందా?

ఆకులోని తీపి పదార్థం పంచదార వలె రక్తంలో చక్కెరను పెంచదు. చిన్న ప్రేగు దానిని జీర్ణం చేసుకోలేదు. పెద్ద ప్రేగులోని సూక్ష్మజీవులు దానిని విడగొడతాయి. మిగిలినది చివరకు మూత్రంతో బయటకు పోతుంది. మన దేశంలో పెద్దవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి మధుమేహం ఉన్నది. అందుకే ఈ ఆకు గురించి ఇంత ఆసక్తి. అయితే టీలో పంచదార మానినంత మాత్రాన జబ్బు పోదు. అన్నంలోనూ, రొట్టెలోనూ ఉన్న పిండి కూడా చక్కెరగానే మారుతుంది. మందు మాని ఆకును నమ్ముకోవడం ప్రమాదం. ఇంట్లో ఎవరైనా మందు వాడుతుంటే, ఈ ఆకు మొదలుపెట్టే ముందు వైద్యుని అడగాలి.

ఇంకొక సంగతి. అంగడిలో దొరికే తెల్లని స్టీవియా పొడి, ఎండిన ఆకు ఒకటి కావు. ఆకు నుంచి తీపిని మాత్రం వేరు చేసి, శుద్ధి చేస్తే ఆ పొడి వస్తుంది. అది పంచదార కంటే 200 నుంచి 300 రెట్లు తీపి. జపానువారు 1970ల నుంచి ఇటువంటి తీపిని ఊరగాయలలో, పానీయాలలో వాడుతున్నారు. అమెరికాలో 2008 నుంచి, ఐరోపా సమాజంలో 2011 నుంచి శుద్ధి చేసిన తీపికి అంగీకారం ఉన్నది. ఆకును మాత్రం తీపి పదార్థంగా అమెరికా ఒప్పుకోలేదు. ఆకులో ఆ తీపితో పాటు మరెన్నో పదార్థాలు ఉంటాయి. వాటన్నిటి పరీక్ష పూర్తి కాలేదు. చెట్టు నుంచి వచ్చినదంతా మంచిదే అనుకునేవారికి ఇది వింతగా తోచవచ్చు. గన్నేరు కూడా చెట్టే కదా!

అభ్యాసం

1. 'కాఆ హేఎ' అంటే ఏమిటి? అది ఎవరి మాట?
2. స్టీవియాతో అరిసెలు ఎందుకు చేయలేము?
3. ఎండిన ఆకు 10 రెట్లు తీపి అనుకుంటే, 20 గ్రాముల పంచదారకు బదులు ఎంత ఆకు కావాలి?
4. మీ ఇంట్లో పండుగకు చేసే పిండివంటల పేర్లు వ్రాయండి. పాకం లేకుండా చేయగలిగినవి ఏవో పెద్దలను అడిగి గుర్తించండి.