చూపు తగ్గినా నలుగురిలో ఉండవచ్చు

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. రెటీనా మధ్యభాగం దెబ్బతింది, ఇక చూపు మెరుగుపడదన్నారు. అప్పటి నుంచి భజనకు, పేరంటాలకు వెళ్లడం మానేసింది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఈ జబ్బులో ఎదురుగా ఉన్నది మసకబారుతుంది. పక్కచూపు మాత్రం చాలావరకు మిగులుతుంది. అందుకే అమ్మగారు ఇంట్లో తిరగగలరు కానీ ఎదుటివారి ముఖం పోల్చుకోలేరు. పలకరించకపోతే ‘చూసీ చూడనట్టు పోయింది’ అనుకుంటారన్న బెరుకే చాలామందిని ఇంటికి కట్టేస్తుంది.

ముందు భజన బృందానికి, ఇరుగుపొరుగుకి విషయం చెప్పండి. దగ్గరికి రాగానే తమ పేరు చెప్పి పలకరించమనండి. పాటలను తెల్లకాగితంపై నల్లని, లావాటి అక్షరాలతో రాసివ్వండి. దీపం వెలుగు కళ్లలో కాక కాగితంపై పడాలి. నడిచేటప్పుడు ఆమె చెయ్యి పట్టి లాగకండి, మీ మోచేయి అందివ్వండి. ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెడితే తెరపై ఉన్నది చదివి వినిపిస్తుంది.

హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చూపు తగ్గినవారికి పునరావాస విభాగం ఉంది. ఇలాంటి చోట మిగిలిన చూపును పరీక్షించి, తగిన భూతద్దం ఇచ్చి, వాడటం నేర్పుతారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అల్పదృష్టిని కూడా గుర్తించింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ప్రత్యేక ప్రయోజనాలకు అర్హత వస్తుంది. ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి.

కూరలు తరగడం, ముగ్గు వేయడం వంటి పనులు ఆమె చేతుల్లోంచి లాక్కోకండి. వచ్చే భజనకు మీరే తోడు వెళ్లండి.