గోడ పక్కన బాట

వార్షికోత్సవ సంచికకు తమ్ముళ్ళకు పనికివచ్చే పాఠం ఒకటి రాయమన్నప్పుడు పూర్వ విద్యార్థులమైన మేము కొందరం కూర్చుని ఈ విషయం ఎంచుకున్నాము. మాలో ఒకరు తాపీ మేస్త్రీ, ఒకరు రోడ్డు పనుల్లో సూపర్‌వైజరు, మిగిలినవాళ్ళం సేద్యగాళ్ళం. తోటలో బాట వేయడం కూడా ఒక పాఠమా అని నవ్వకండి. మేము దాన్ని డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాము.

పెద్దతిప్పసముద్రం వైపు నేల చదునుగా ఉండదు. పైన గుట్ట, కింద చేను, ఇంకా కింద చెరువు. ఇల్లు కట్టినా, బడి కట్టినా ఒక పక్క మట్టి తవ్వి మరో పక్క పోయవలసిందే. ఆ మట్టి జారకుండా కట్టే రాతి కట్టునే ఇంజనీర్లు రిటైనింగ్ వాల్ అంటారు. ఇది ప్రహరీ గోడ వంటిది కాదు. ప్రహరీకి తన బరువు తాను మోస్తే చాలు. ఈ గోడ మాత్రం వెనకనున్న మట్టి తోపుడును రాత్రింబగళ్ళు ఆపుతూ ఉండాలి.

మాలో ఒకరి పెరట్లో 5 అడుగుల గోడ కట్టాము. అందంగా ఉండాలని రాళ్ళ సందులన్నీ సిమెంటుతో పూడ్చాము. మొక్కలు ఏపుగా వస్తాయని గోడ వెనక చెరువు బంకమట్టి నింపాము. పైన బండలు పరిచి బాట చేశాము. దాని వాటం గోడ వైపే ఉందని అప్పుడు ఎవరమూ చూడలేదు. కార్తీక మాసం వానలకు గోడ నడుమ పొట్ట ఉబికింది. నీళ్ళకు వాళ్ళ అమ్మ రోజూ ఆ గోడ కింది బాటలోనే పోయేది. ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని బాటకు రెండు వైపులా ముళ్ళకంప అడ్డం వేశాము. తరువాత గోడ మొత్తం విప్పి మళ్ళీ కట్టాము.

తప్పు రాయిది కాదు, సిమెంటుదీ కాదు. నీటికి దారి లేకపోవడమే తప్పు. ఘనపు మీటరు నీరు 1000 కిలోలు తూగుతుందని మీరు చదువుకున్నారు. గోడ వెనక మీటరు ఎత్తున నీరు నిలిస్తే ప్రతి మీటరు పొడవు గోడ మీద 500 కిలోల తోపుడు పడుతుంది. ఎత్తు 2 మీటర్లయితే అది 1000 కాదు, 2000 కిలోలు! ఎత్తు రెట్టింపయితే తోపుడు నాలుగింతలవుతుంది. మా 5 అడుగుల గోడకు లెక్క వేస్తే మీటరుకు 1100 కిలోల పైమాటే. ఇది నీటి తోపుడు మాత్రమే, నానిన మట్టిది వేరు. లెక్కల నోట్సులో దీన్ని ఒకసారి మీరే వేసి చూడండి.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి. కడప వైపు పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఏమేమి ఉండాలో, ఏ దోషాలు ఉండకూడదో అందులో చెక్కించారు. కట్ట నుంచి నీరు ఊరడం ఆ దోషాల్లో ఒకటి. చెరువు కట్టకు దోషమైనదే తోట గోడకు ప్రాణం. కట్ట పని నీటిని నిలపడం, గోడ పని మట్టిని నిలిపి నీటిని వదలడం. మేము గోడను చెరువు కట్టలాగా కట్టామన్నమాట.

కనుక బాట గీత గీయకముందే నీరు ఎటు పోతుందో చూసుకోవాలి. వాన పడుతుండగా గొడుగు వేసుకుని తోటలో తిరిగితే సగం ప్లాను తెలిసిపోతుంది. గోడ వెనక అడుగు మందాన కంకర నింపాలి, బంకమట్టి పనికిరాదు. సిమెంటు గోడ అయితే మీటరు, మీటరున్నర ఎడంలో నీరు కారే బెజ్జాలు వదలాలి. సిమెంటు లేని రాతి కట్టుకు ఆ బాధ లేదు, సందులే బెజ్జాలు. అయితే అడుగున మందం ఎత్తులో సగమైనా ఉండాలి, అడుగు ఎత్తుకు 2 అంగుళాల చొప్పున వెనక్కి వాలాలి. పెరూ దేశంలోని మచు పిచ్చులో ఇంకాలు కొండ మీద కట్టిన మెట్ల చేలల్లో కూడా అడుగున రాళ్ళు, దాని మీద కంకర, ఇసుక, అన్నిటికన్నా పైన సాగు మట్టి ఉన్నాయి.

గోడ పైన బాట వేస్తే వాటం గోడకు ఎదురు వైపు ఇచ్చి అక్కడ చిన్న కాలువ తీయాలి. మీటరు వెడల్పుకు 2 సెంటీమీటర్ల వాటం చాలు. ప్లాస్టిక్ పైపులో నీళ్ళు పోసి మట్టం చూడవచ్చు. పైన బాట మీద ట్రాక్టరు గానీ ఇటుకల కుప్ప గానీ పెట్టకూడదు, ఆ బరువూ గోడనే తోస్తుంది. గోడ కింద బాట వేస్తే గోడకు ఆనించవద్దు. 2 అడుగులు వదిలి అక్కడ కాలువ, మొక్కలు పెట్టుకోవాలి. బాటను పల్లం చేద్దామని గోడ మొదట్లో తవ్వడం అన్నిటికన్నా ప్రమాదం, పునాది బయటపడుతుంది. వెడల్పు 4 అడుగులుంటే ఇద్దరు పక్కపక్కనే నడుస్తారు. రావి, మర్రి మొలకలు కనపడగానే పీకేయాలి. వట్టివేళ్ళ గడ్డి మాత్రం నాటవచ్చు, దాని వేళ్ళు నిలువుగా లోతుకు దిగి మట్టిని పట్టుకుంటాయి. 4 అడుగులు దాటిన గోడను ఇంజనీరుకు చూపించకుండా కట్టకండి.

సింహాచలంలో 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం నాడు, వాన పడిన తెల్లవారుజామున, కొత్తగా కట్టిన గోడ కూలి పక్కన వరుసలో నిలబడిన 7 గురు భక్తులు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు మా పెరటి గోడ, ముళ్ళకంప గుర్తొచ్చి ఫోన్లు చేసుకున్నాము. గోడకు పొట్ట రావడం, పైన నేల పొడుగునా నెర్రె విచ్చడం, ఎప్పుడూ కారే బెజ్జం వానలో కూడా ఎండిపోయి ఉండడం, వీటిలో ఏది కనిపించినా కింది బాట వెంటనే మూసేయండి. చిన్న పిల్లలను అటు పోనీయకండి, వార్డెను గారికి చెప్పండి. హార్స్‌లీ హిల్స్‌కు విహారయాత్ర పోయినప్పుడు కొండ దారిలో గోడ కనపడితే బెజ్జాలున్నాయో లేదో లెక్కపెట్టండి.

ఆ పెరటి గోడకు ఇప్పుడు 7 బెజ్జాలు. వాన వెలిసిన మరునాడు కూడా సన్నగా కారుతుంటాయి. ఆ నీటిని కాలువ తీసి కరివేపాకు, మునగ చెట్లకు మళ్ళించాము. కింది బాట మీద వాళ్ళ అమ్మ బట్టలు ఆరవేస్తోంది.