ఆసుపత్రికి చూడబోయే ముందు

పెద్దాయనకు డెబ్భై ఏళ్లు. మార్కాపురంలో పలకల రాయి పని చేసి బతికాడు. మనం అక్షరాలు దిద్దిన పలక అక్కడి రాయే. ఆ రాతి పొడిని ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పెద్దాయన నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడతాడు.

ఒకరోజు వాకిట్లో జారిపడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆసుపత్రిలో చేర్చారు. ఆపరేషన్ బాగా జరిగింది. ఆరో రోజున దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. ఊపిరి అందలేదు. ఆక్సిజన్ పెట్టారు.

"కాలు విరిగినాయనకు ఈ దగ్గేంది సిస్టరమ్మా?" అంది కోడలు.

"చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎవరికైనా జలుబుందా?" అని నర్సమ్మ అడిగింది.

కోడలికి గుర్తొచ్చింది. మూడు రోజుల కిందట ఆటో నిండా చుట్టాలొచ్చారు. మేనల్లుడికి ముక్కు కారుతూనే ఉంది. మంచం మీదే కూర్చున్నాడు. బత్తాయి ఒలిచి మామ నోటికందించాడు. ప్రేమతోనే!

"ఆయన వల్లే అనలేం. పక్క మంచం నుంచి రావచ్చు. మా చేతుల నుంచీ రావచ్చు. అందుకే మేమూ ప్రతి రోగి దగ్గరా చేతులు కడగాలి. కడగకపోతే మీరు అడగండి" అంది నర్సమ్మ.

జలుబు, ఫ్లూ, కరోనా వైరస్‌ల వల్ల వస్తాయి. వైరస్ కంటికి కనపడదు. దగ్గినా, తుమ్మినా, దగ్గరగా మాట్లాడినా తుంపర్లతో బయటికొస్తుంది. మూసిన గదిలో గాలిలోనూ తేలుతుంది. ముక్కు తుడిచిన చేత్తో మంచం పట్టీ ముట్టుకుంటే అక్కడా అంటుకుంటుంది. ఫ్లూ అయితే జ్వరం రాకముందు రోజు నుంచే ఇతరులకు అంటవచ్చు. ఆ తర్వాత 5 నుంచి 7 రోజులు అంటుతుంది.

మనకు రెండు రోజుల జలుబే. నెలలు నిండక పుట్టిన బిడ్డకు, క్యాన్సర్ మందు ఎక్కించుకునేవారికి, పెద్దాయనలాంటివారికి అదే న్యుమోనియా కావచ్చు. డయాలసిస్ రోగుల సంగతి మరీ కష్టం. వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి పోక తప్పదు. నలుగురితో ఒకే గదిలో గంటల తరబడి ఉండాలి.

మన వైపు చూడబోకపోతే మాటొస్తుంది. ఆ భయంతోనే జలుబున్నా బయలుదేరతాం. 2020లో కరోనా వచ్చినప్పుడు పోలేదని ఎవరూ తప్పు పట్టలేదు. ఇప్పుడెందుకు పడతారు?

జలుబు, దగ్గు, జ్వరం ఉంటే పోవద్దు. ఫోనులో పలకరించండి. పసిపిల్లల్ని వెంట తీసుకుపోవద్దు. తోడుగా ఒకరుంటే చాలు. ఆ ఒక్కరికే జలుబు చేస్తే ఇంకొకరిని పిలిపించాలి. ఎవరూ లేకపోతే ముక్కూ నోరూ కప్పేట్టు మాస్కు కట్టుకోవాలి. గడ్డం కింద వేలాడే మాస్కు దండగ! కిటికీలు తెరిచి పెట్టమని అడగాలి. వార్డులోకి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు సబ్బుతో 20 సెకన్లు చేతులు రుద్దాలి. ఫ్లూ, కరోనా వైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను విరగ్గొడుతుంది.

బాలింతకు జలుబు చేసినా పాలు మానొద్దు. చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని ఇవ్వాలి. ముసలివాళ్లకు, గర్భిణులకు ఫ్లూ టీకా ఉంది. డాక్టరును అడగండి. వైరస్ జలుబుకు యాంటీబయాటిక్ బిళ్లలు పనిచేయవు. దుకాణంలో కొని మింగొద్దు.

పెద్దాయన పన్నెండు రోజులకు తేరుకున్నాడు. మేనల్లుడు ఫోన్ చేశాడు.

"రేపు మామను చూడ్డానికి వస్తానమ్మా."

"జలుబు తగ్గిందా అన్నా?"

"కొంచెం దగ్గుంది."

"అయితే ఆదివారం ఇంటికే రా. అప్పటికి ఇంటికి పంపుతామన్నారు. మామకు ఫోనిస్తా, మాట్లాడు."