పెద్దలు పిలిచినట్టే పిల్లలూ పిలుస్తారు

బెళుగుప్ప చుట్టుపక్కల పల్లెల్లో ఇంటికి ఎవరైనా వస్తే మొదట చెంబుతో నీళ్లిస్తారు. మాటామంతీ ఆ తర్వాతే. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అన్ని ఏళ్లూ కురవదు. ఇప్పుడు మండలంలోని జీడిపల్లి రిజర్వాయరుకు హంద్రీ-నీవా కాలువల గుండా కృష్ణా నీళ్లు వస్తున్నా, బిందె నీళ్ల విలువ ఇక్కడి పెద్దవాళ్లు మరిచిపోలేదు. అలాంటి చోట వచ్చిన మనిషికి అడగకుండానే నీళ్లివ్వడం చిన్న విషయం కాదు. నాలుగేళ్ల పిల్ల చేతికి చెంబిచ్చి "తాతకు నీళ్లియ్యి పోమ్మా" అని జేజి పంపిందంటే మర్యాద పాఠం మొదలైనట్టే. రెండు చేతులతో పట్టుకోవాలి, ఒలకబోయకూడదు, ఆయన తాగేదాకా నిలబడాలి, ఖాళీ చెంబు తీసుకుని రావాలి. ఇవేవీ ఎవరూ విడమరిచి చెప్పరు. జేజి చేస్తుంటే చూసిందే పిల్లా చేస్తుంది.

ఈ సీమలో జేజి పాత్ర మరీ పెద్దది. చెనక్కాయ పంట ఎండిపోయిన ఏళ్లలో ఎందరో అమ్మానాయనలు కూలిపనుల కోసం బెంగళూరు దారి పట్టారు, పిల్లలు అవ్వాతాతల దగ్గర పెరిగారు. నడక, మాట, తిండి దగ్గర పద్ధతి అన్నీ వాళ్ల ఒళ్లోనే నేర్చుకున్నారు.

ఇక చుట్టాలొచ్చినప్పుడు చాలా ఇళ్లలో జరిగేది చూడండి. "మామకు నమస్తే చెప్పు. చెప్పవేం? నిన్న బాగానే చెప్పావు కదా!" మూడేళ్ల వాడు అమ్మ కొంగు చాటుకు పోతాడు. "వీడికి బుద్ధి లేదండీ" అన్న మాట అందరి ముందూ పడుతుంది. కొత్త మనిషిని చూసి వెనక్కి తగ్గడం ఆ వయసుకు సహజం, అది అమర్యాద కాదు. కానీ నలుగురిలో తనను తక్కువ చేసిన మాట వాడి మనసులో ఉండిపోతుంది. తల్లే ముందుగా చేతులు జోడించి పలకరిస్తే చాలు. వాడు ఈసారి చూస్తాడు, పైసారి తలూపుతాడు, ఎప్పుడో ఒకరోజు తనంతట తానే చేతులు జోడిస్తాడు.

చాక్లెట్ ఆశ పెట్టి మర్యాద చేయించడం ఇంకో పొరపాటు. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో 2008లో ప్రచురించిన పరిశోధన దీనికి సంబంధించిందే. ఇరవై నెలల పసివాళ్లు, ఎదుటి మనిషి చేతిలోంచి జారిపడిన వస్తువును తమంతట తామే తీసి ఇచ్చేవారు. అలా ఇచ్చినప్పుడల్లా కొందరికి బహుమానం ఇస్తూ వచ్చారు. ఏమీ పుచ్చుకోని పిల్లలతో పోలిస్తే, బహుమానం అలవాటైన పిల్లలు తర్వాత సాయం చేయడం తగ్గించేశారు. సాయపడాలన్న గుణం పిల్లల్లో ముందే ఉంది. దానికి ధర కట్టి పాడుచేసేది పెద్దవాళ్లే.

చూసి నేర్చుకోవడం అన్నది చెడ్డ నడవడికీ వర్తిస్తుంది. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ బండూరా బృందం 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేసింది. గాలి ఊదిన పెద్ద బొమ్మను ఒక పెద్ద మనిషి కొట్టడం, తిట్టడం చూసిన పిల్లలు, తర్వాత అదే బొమ్మ దొరికినప్పుడు అచ్చం అలాగే కొట్టారు, అవే మాటలు అన్నారు. కొట్టమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆజ్ఞాపిస్తే పిల్లలు నేర్చుకోరన్న సంగతిని మన దేశంలో అంతకు చాలాముందే పట్టుకున్నవాడు గిజుభాయి బధేకా. 1920లో భావనగర్‌లో బాలమందిరం నెలకొల్పిన ఈ గుజరాతీ ఉపాధ్యాయుడు కథలా రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటి కల'గా వచ్చింది. అందులో కొత్త మాస్టారు మొదటిరోజే పిల్లలచేత మౌనం ఆట ఆడించబోయి ఓడిపోతాడు. తరగతంతా గోల. తర్వాత కథ చెప్పడం మొదలుపెడితే అదే పిల్లలు చప్పుడు లేకుండా వింటారు. "నిశ్శబ్దం!" అని అరిచే ప్రతి పంతులూ, ప్రతి తల్లీ చదవాల్సిన పుస్తకమిది.

ఇంటి బయట మర్యాదకు పల్లెవెలుగు బస్సును మించిన బడి లేదు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సుల్లో రద్దీ పెరిగింది. ముసలవ్వ ఎక్కితే పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని చోటిచ్చే తల్లి ఉంది. ఖాళీ సీటు మీద కండువా వేసి "మాదే" అని దబాయించే తండ్రీ ఉన్నాడు. బొరుగుల పొట్లం కాగితం కిటికీలోంచి పారేసేదీ పెద్దవాళ్లే. ఆ తల్లిని చూసిన పిల్ల ఒకటి నేర్చుకుంటుంది, ఆ తండ్రిని చూసిన పిల్లవాడు ఇంకొకటి. అంగన్‌వాడీలో మాత్రం ఈ విషయంలో మంచి అవకాశం ఉంది. అందరికీ వడ్డించేదాకా ఆగడం, చేతులు కడుక్కోవడం, తిన్న ప్లేటు తీయడం పదిమందితో కలిసి చేస్తే పసివాళ్లకు ఆటలా అలవడతాయి. వడ్డించిన ఆయమ్మను వాళ్లు ఎలా పిలుస్తున్నారన్నది కూడా అక్కడి టీచర్లు గమనించాలి.

అసలు చిక్కంతా ఈ పిలుపులోనే ఉంది. దళితవాడ నుంచి పనికొచ్చిన డెబ్బయ్యేళ్ల మనిషిని ముప్పయ్యేళ్ల రైతు "ఏరా, ఇంత పొద్దెక్కినాక వస్తావా" అంటాడు. పక్కనే ఐదేళ్ల కొడుకు వింటుంటాడు. నాలుగు రోజులకు వాడూ ఆ ముసలాయనను పేరు పెట్టి "రా" అంటాడు. ఇంట్లోవాళ్లు నవ్వి ఊరుకుంటారు. అదే వాడు సొంత తాతను అలా అంటే వీపు చిట్లుతుంది. మర్యాద మనిషికి కాదు, కులానికీ డబ్బుకీ ఇవ్వాలని ఆ ఇల్లు వాడికి నేర్పేసింది. ఇక ఎన్ని నీతిపద్యాలు వల్లె వేయించి ఏం లాభం? కులాన్ని అంత గట్టిగా ఖండించిన వేమన సమాధి ఉన్న కటారుపల్లి ఈ సీమలోనే, కదిరి దగ్గరే ఉంది. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంలోనే రద్దు చేసింది. అయినా టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి మీద తెలుగు పల్లెల్లో ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. పెద్దయ్యాక మాన్పించడం కష్టమైన ఈ అలవాటు ఐదేళ్ల లోపే, ఇంటి అరుగు మీదే అంటుకుంటోంది.

పిల్లలకూ మర్యాద ఇవ్వాలి. వాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడి, తర్వాత "పెద్దవాళ్లు మాట్లాడుతుంటే అడ్డు రావద్దు" అంటే వాళ్లకు ఏం అర్థమవుతుంది? విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ నుంచి బడిలో పిల్లలను కొట్టడాన్నీ, మనసు నొప్పించేలా వేధించడాన్నీ నిషేధించింది. ఇంట్లో మాత్రం చెయ్యి లేస్తూనే ఉంది. కోపంలో అరిచాక "తప్పయింది నాయనా" అని తండ్రి నోట విన్న పిల్లవాడికి క్షమాపణ అడగడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు.

కాబట్టి పిల్లలకు నమస్తే నేర్పాలనుకునే అమ్మానాయనలు ముందు తమ పిలుపులు మార్చుకోవాలి. చేలోకి కూలికొచ్చేవాళ్లను, వీధి ఊడ్చే అమ్మను, బస్సు కండక్టరును పిల్లలు వినేటట్టు అన్నా, అక్కా, మామా, అవ్వా అని వయసుకు తగ్గ వరస కలిపి పిలవండి. ఎందుకలా పిలుస్తున్నారో పిల్లలకు వివరించే పని పెట్టుకోకండి. ఈ రోజు నుంచే మొదలుపెట్టండి.